మేస్త్రీ కట్టిన తీగ

గేర్‌బాక్సు మాట్లాడుతుందని మేస్త్రీ అంటే నవ్వేవాళ్ళు నవ్వేవాళ్ళే. బండి మొరాయించిన రోజున మాత్రం ఆ నవ్విన మొహాలే ఆయన షెడ్డు ముందు వరస కట్టేవి. ఊళ్ళో రిపేరు షెడ్లకేం కొదవ లేదు గానీ, పాత జీపుల సంగతి వేరు. నాలుగు చక్రాలూ లాగే ఆ మొండి బళ్ళు కొండలూ వాగులూ ఎక్కి దిగి, ఒళ్ళు హూనం చేసుకుని, మూలుగుతూ వస్తాయి. ఆ మూలుగు ఎక్కడిదో విని చెప్పగలిగినవాడు ఆ చుట్టుపక్కల ఆయనొక్కడే. చెక్కపిడి ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవరు కొసని గేర్‌బాక్సు మీద ఆనించి, పిడిని చెవికి నొక్కుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. ఫలానా బేరింగు పోయిందనేవాడు. విప్పి చూస్తే అదే పోయి ఉండేది.

ఆయనకి ఇంకో అలవాటుంది. గేర్‌బాక్సు పని పూర్తయ్యాక, ఆయిలు పోసే బోల్టుకీ దింపే బోల్టుకీ తలల్లో సన్నటి రంధ్రాలు చేసి, రెంటినీ కలిపి ఇనప తీగతో కట్టేవాడు. బోల్టులు వదులై ఊడిపోకుండా చాలామంది కడతారు, అదేం వింత కాదు. ఈయన మాత్రం మెలిని ఎడమవైపుకి తిప్పి, కొసని చిన్న చుట్టలా లోపలికి మడిచేవాడు, తర్వాత చెయ్యి పెట్టినవాడికి గీసుకోకుండా. ఆ చుట్ట కనిపిస్తే చాలు, డ్రైవర్లు "ఇది మేస్త్రీ తీగరా, ఇంక చూసుకోనక్కర్లేదు" అనుకునేవాళ్ళు. పని తనకి నచ్చకపోతే ఎంత బతిమాలినా కట్టేవాడు కాదు. "తీగ కట్టానంటే మాటిచ్చినట్టే" అని ఒకసారి అల్లుడితో అన్నాడు కూడా.

ఆ అల్లుడు సర్వేయరు. ఒక్కగానొక్క కూతురి మొగుడు. భూములు కొలిచే మనిషికి బళ్ళ మీద ఇంత పిచ్చి ఎందుకో తెలీదు గానీ, పెళ్ళైన కొత్తలో ఎప్పుడొచ్చినా షెడ్డులోనే మకాం. "అందరి అల్లుళ్ళూ అత్తారింటికొస్తే మంచం దిగరట, మన అల్లుడు జీపు కిందనుంచి బయటికి రాడు" అని మేస్త్రీ భార్య నవ్వేది. మేస్త్రీకి లోలోపల ఎంత మురిపెమో! తనకి తెలిసిందంతా ఆ కుర్రాడికి చెప్పుకునేవాడు. న్యూట్రల్‌లో ఏం వినాలి, క్లచ్చి తొక్కితే ఏది ఆగాలి, ఏ గేరులో ఏది పలుకుతుంది, అన్నీ. అతను చేతులు కట్టుకుని వినేవాడు. సొంత కొడుకున్నా అంత శ్రద్ధగా వినేవాడు కాడేమో.

ఇంత మర్యాదగా సాగుతున్న కథలోకి తేనెసీసా వచ్చాడు.

తేనెసీసా అంటే మేస్త్రీ చిన్నప్పటి స్నేహితుడు. పాత బళ్ళు కొనిపించి అమ్మించే బేరగాడు. ఆ పేరు మేస్త్రీ భార్య పెట్టింది. "ఆయన మాట తేనెసీసానండీ, మూత తియ్యకుండానే కారుతుంటుంది" అని. ఓ మధ్యాహ్నం అతనో జీపు తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. ఆపాడనడం కూడా దండగ. వీధి మలుపులో ఉండగానే దాని గోల వినిపించి, ఎదురింటి కుక్క లేచి వెళ్ళిపోయింది.

"ఏంట్రా, దీనికి గొంతు నొప్పా?" అన్నాడు మేస్త్రీ.

"నువ్వే చెప్పాలి డాక్టరుగారూ" అన్నాడు తేనెసీసా.

మేస్త్రీ ఎక్కి కూర్చున్నాడు. బండి మంచిదే. ఎడమ ఫుట్‌బోర్డుకి పాత అతుకొకటి తప్పితే ఒళ్ళు గట్టిగానే ఉంది. ఇంజను ఆన్‌లో పెట్టి న్యూట్రల్‌లో ఉంచాడు. గరగరమని చప్పుడు. క్లచ్చి తొక్కాడు, ఆగిపోయింది. వదిలాడు, మళ్ళీ మొదలు. అంటే జబ్బు గేర్‌బాక్సు లోపలే. వీధి చివరిదాకా నడిపాడు. మొదటి గేరులో ఏడుపు, రెండులో ఏడుపు, మూడులో గావుకేక. టాప్ గేరులోకి మార్చేసరికి సగానికి సగం తగ్గింది. ముందు చక్రాలకి బలం ఇచ్చే చిన్న లివరు వేసి చూశాడు, తేడా లేదు. ఆ పక్కనున్న పెట్టెకి పాపం ఏ పాపమూ తెలీదన్నమాట. తిరిగొచ్చి స్క్రూడ్రైవరు పెట్టి విన్నాడు. ఆయిలు కాస్త దింపి వేళ్ళ మధ్య రుద్దాడు. వేళ్ళకి వెండిపొడిలా తళతళలాడుతూ ఇనప రజను అంటుకుంది.

"అడుగు షాఫ్టు బేరింగులు పోయాయి. షాఫ్టు కూడా అరిగింది. టాప్ గేరులో దాని మీద బరువు పడదు, అందుకే అక్కడ ఊరుకుంటోంది. గేర్‌బాక్సు పెట్టె దింపాలి, షాఫ్టూ బేరింగులూ మార్చాలి."

"అంత తతంగం ఎక్కడ పెట్టుకుంటాంరా? దూరం ఊరి డీలరొకడు తీసుకుపోతానన్నాడు. బండి నాలుగు రోజులు నోరు మూసుకుంటే చాలు."

"నోరు మూసుకుంటే జబ్బు నయమైనట్టా?"

తేనెసీసా మెల్లగా మేస్త్రీ పక్కన కూర్చుని, "కాలెలా ఉంది ఇప్పుడు?" అన్నాడు.

చూశారా దెబ్బ! ఇంకేమీ అనలేదు. అనక్కర్లేదు. ఒకప్పుడు జాకీ జారి బండి మేస్త్రీ కాలు మీద పడితే, ఆయన్ని చేతుల మీద మోసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది ఈ తేనెసీసాయే. కోలుకునేదాకా మంచం పక్కనే పడుకున్నది ఇతనే. చదువుకుంటున్న కూతుర్ని రోజూ స్కూలుకి దింపి తెచ్చినది ఇతనే. ఆ సంగతి అతను నోరు తెరిచి ఎప్పుడూ ఎత్తలేదు. కాలెలా ఉందని అడుగుతాడు, అంతే.

"సర్లే, నీకు కుదరకపోతే వద్దు. నేనేమన్నా బలవంతం చేశానా?" అని లేవబోయాడు.

"కూర్చో" అన్నాడు మేస్త్రీ.

మొహమాటం ఎంతటి మనిషినైనా ముంచుతుంది. వద్దని చెప్పే నోరు ఉండీ, చెప్పాల్సిన మాట తెలిసీ, ఎదుటివాడి మొహం చూసి మింగేస్తాం. మేస్త్రీ కూడా మింగేశాడు. పైగా తనకి తాను సర్దిచెప్పుకున్నాడు, కొనేవాడు చూసుకోడా, వాడికి మాత్రం మెకానిక్కు ఉండడా అని.

పక్క వీధి వడ్రంగి దగ్గర్నుంచి రంపంపొట్టు తెచ్చాడు. అందులో పెచ్చులు పోవాలంటే జల్లించాలి. ఇంట్లోకి వెళ్ళి భార్య పిండి జల్లెడ పట్టుకొచ్చాడు. మెత్తగా జల్లించి, చిక్కటి ఆయిల్లో కలిపి, గేర్‌బాక్సు నిండా పోశాడు. పాతకాలపు దొంగవిద్య అది. ఆ ముద్ద పళ్ళ మధ్య పరుపులా పడి చప్పుడుని తాగేస్తుంది. కొన్నాళ్ళు అంతా బంగారంలా ఉంటుంది. తర్వాత పొట్టు ఉబ్బి ఆయిలు నడిచే దారులన్నీ మూసేస్తుంది. బేరింగు ఎండిపోతుంది, కాలిపోతుంది, ఎక్కడో ఒకచోట పట్టేస్తుంది. ఇదంతా మేస్త్రీకి తెలుసు. ఇంకొకడు ఇదే పని చేస్తే "వాడు మెకానిక్కు కాదు, హంతకుడు" అని షెడ్డులో అందరి ముందూ తిట్టిన మనిషి కూడా ఆయనే.

పెట్టె నింపి, షెడ్డులో ముందే రంధ్రాలు చేసి ఉంచుకున్న బోల్టులు బిగిస్తుంటే, తేనెసీసా పక్కన నిలబడి ఏదో పాత కబురు చెప్పి నవ్విస్తున్నాడు. మేస్త్రీ నవ్వుతూనే చెయ్యి చాపి తీగ అందుకున్నాడు. నవ్వుతూనే మెలిపెట్టాడు. కొస మడిచాడు. చెయ్యి తుడుచుకుని లేచాడు. ఏళ్ళ తరబడి చేసిన పని, చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. ఏం కట్టాడో ఆయన మనసుకి తెలీనే తెలీదు.

ఇంజను ఆన్ చేస్తే జీపు పిల్లిపిల్లలా గుర్రుమంది. తేనెసీసా మేస్త్రీని కావలించుకుని, అదే బండిలో వెళ్ళిపోయాడు.

సాయంత్రం లోపల్నుంచి కేక వినిపించింది. "ఏమండీ! నా జల్లెడ నిండా ఈ పొట్టేంటి? పిండి జల్లించుకునేదాన్ని తీసుకెళ్ళి ఏం జల్లించారు?"

"ఏదోలే, నేల మీద ఆయిలు ఒలికితే చల్లడానికి."

"నేల మీద చల్లడానికి జల్లించాలా?" అంది ఆవిడ. కొత్త జల్లెడ కొనిపెట్టేదాకా మాట్లాడనని చెప్పి పాతదాన్ని చెత్తబుట్టలో పడేసింది. మేస్త్రీ మర్నాడే కొత్త జల్లెడ తెచ్చాడు. అంతటితో అయిపోయిందనుకున్నాడు.

తర్వాత కొన్ని వారాలకి, ఓ ఆదివారం పొద్దున్నే, వీధి మలుపులో హారన్ మోగింది. మోగుతూనే ఉంది. మేస్త్రీ టీ గ్లాసుతో బయటికొచ్చాడు. కొత్తగా ఆకుపచ్చ రంగు వేసిన జీపొకటి దర్జాగా వచ్చి షెడ్డు ముందు ఆగింది. స్టీరింగు వెనక కూతురు! పక్క సీట్లో అల్లుడు, చెవులదాకా నవ్వుతూ.

"నాన్నా! ఎలా ఉంది మా బండి? దారంతా నేనే నడిపా!" అని దూకింది కూతురు.

మేస్త్రీ సంతోషంగా రెండడుగులు వేశాడు. మూడో అడుగు పడలేదు. ఎడమ ఫుట్‌బోర్డుకి పాత అతుకు. పైన ఎంత రంగు కొడితే మాత్రం, అతుకు అతుకే. ఇంజను ఇంకా ఆగలేదు. ఆ గుర్రుమనే మెత్తదనం అడుగున ఏదో ఎండుగా రాసుకుంటున్న చప్పుడు. ఇంకెవరికీ వినిపించదు. ఆయనకి వినిపించింది.

"ఎక్కడ కొన్నారు బాబూ దీన్ని?"

"మీకు ముందే చెబుదామనుకున్నా మావయ్యా, మీ అమ్మాయే వద్దంది, ఎదురుగా చూపించి ఆశ్చర్యపరుద్దామని. కొండ మీదకి బదిలీ అయిందిగా, అక్కడ మామూలు కార్లు పనికిరావు. డీలరు దగ్గర చూశా. అన్నీ మీరు చెప్పినట్టే పరీక్ష చేశా. న్యూట్రల్‌లో విన్నా, క్లచ్చి తొక్కి విన్నా, ప్రతి గేరులోనూ నడిపా. ఒక్క చప్పుడు లేదు."

"ఊఁ" అన్నాడు మేస్త్రీ.

"నిజం చెప్పాలంటే అక్కడే అనుమానమొచ్చింది. పాత గేర్‌బాక్సు కొంచెమన్నా గొణగాలి, మరీ మౌనంగా ఉంటే నమ్మొద్దని మీరే అనేవారుగా. వద్దులే అని వెనక్కి తిరిగా కూడా. పోతూ పోతూ ఎందుకో కిందకి వంగి చూశా." అల్లుడు ఆగి, కళ్ళు మెరుస్తుండగా అన్నాడు. "మీ తీగ, మావయ్యా! ఎడమ మెలి, లోపలికి మడిచిన చుట్ట. ఇంత దూరం ఊళ్ళో, ఎవడి బండికో, మీ చెయ్యి! ఇంక రెండో మాట మాట్లాడితే ఒట్టు. అక్కడికక్కడే కొనేశా."

మేస్త్రీ వంగి బండి కిందకి చూశాడు. తీగ కట్టానా? కట్టాను. ఇప్పుడు గుర్తొచ్చింది, నవ్వుతూ కట్టాను. ఆ కుర్రాడికి తను చెప్పిన విద్య అతన్ని కాపాడబోయింది. వెనక్కి తిరిగినవాణ్ణి తన తీగే పట్టి లాగింది.

"అదేంటి మావయ్యా, అలా అయిపోయారు?"

"ఏం లేదు బాబూ. పొద్దున్నుంచీ కాలు లాగుతోంది." తర్వాత వీలైనంత మామూలుగా అన్నాడు. "ఎలాగూ వచ్చారుగా, బండి రెండ్రోజులు ఉంచండి. ఓసారి పెట్టె విప్పి చూస్తాను."

అల్లుడు పకపకా నవ్వాడు. "మీరు కట్టినదాన్ని మీరే విప్పుతారా? అక్కర్లేదు మావయ్యా. చీకటి పడేలోపు కొండ మీదకి చేరాలి, రేప్పొద్దున డ్యూటీలో చేరాలి. భోజనం చేసి బయల్దేరతాం."

"దారిలో వచ్చే మొదటి కొండ దిగుడు రోడ్డు నేనే నడుపుతా నాన్నా, ముందే చెప్పేశా ఈయనకి" అంది కూతురు. "మలుపు తర్వాత మలుపట, పక్కన లోయట!"

మేస్త్రీ భార్య వాళ్ళని లోపలికి లాక్కెళ్ళింది. మేస్త్రీ బండి పక్కనే ఉండిపోయాడు. కాసేపటికి ఫోను తీసి తేనెసీసాకి చేశాడు. విషయం విన్నవాడు నిజంగానే బాధపడ్డాడు, అబద్ధం చెప్పకూడదు.

"అయ్యయ్యో! ఎంత పనైపోయింది! మనవాళ్ళకని నాకు తెలిస్తే అసలు అమ్మనిచ్చేవాణ్ణా? ముందే ఒక్క మాట తెలిస్తే..."

"మనవాళ్ళు కాకపోతే?" అని అడగబోయి మేస్త్రీ ఆగిపోయాడు. ఏ నోటితో అడుగుతాడు? తనూ అదేగా అనుకున్నది. ఎవడో కొంటాడు, వాడే చూసుకుంటాడు అనేగా. ఆ ఎవడికో మాత్రం కూతురు ఉండదా, ఆ పిల్ల మాత్రం దిగుడు రోడ్డులో స్టీరింగు పట్టుకోదా? ఫోను పెట్టేసి, అతుకేసిన ఫుట్‌బోర్డు మీద కూలబడ్డాడు.

భోజనాలకి పిలిచారు. కంచం ముందు కూర్చున్నాడే గానీ ముద్ద దిగలేదు. బుర్ర మాత్రం ఊరుకుంటుందా, దొంగ బుర్ర! దారులు వెతుకుతూనే ఉంది. తర్వాత ఎవరో పొట్టు కలిపారని చెబితే? ఎలా చెబుతాడు, రెండు బోల్టులనీ కలిపి కట్టిన తీగ చెక్కుచెదరలేదు. అది తెగకుండా లోపలికి చుక్క పోదని తనే అల్లుడికి నేర్పాడు. ఇంజన్లో ఏదో లోపమని చెప్పి ఆపితే? అల్లుడు పక్కనే కూర్చుని చూస్తాడు. అసలేమీ చెప్పకుండా పంపిస్తే? ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, పోనిస్తే ఏమవుతుంది, ఇంకో నెల నడుస్తుందేమో అనిపించింది. ఎదురుగా కూతురు చేత్తో గాల్లో స్టీరింగు తిప్పుతూ తల్లికి మలుపులు చూపిస్తోంది. దిగుడులో పెట్టె పట్టేస్తే చక్రాలు బిగుసుకుంటాయి. బండి అది పోవాలనుకున్న వైపుకి పోతుంది.

మేస్త్రీ కంచం ముందునుంచి లేచిపోయాడు.

"అయ్యో, ఎక్కడికండీ సగంలో?" అంది భార్య.

ఆయన షెడ్డులోకి వెళ్ళి, కటింగు ప్లయరూ వెడల్పాటి రేకు పళ్ళెమూ పట్టుకుని జీపు కిందకి దూరాడు. వెనకే అల్లుడు చెయ్యి కడుక్కుని వచ్చాడు. అలవాటు ప్రకారం తనూ పక్కన వెల్లకిలా పడుకుని లోపలికి జరిగాడు. ఇద్దరి మొహాల మీదా గేర్‌బాక్సు. దాని అడుగున తీగ.

"ఏంటి మావయ్యా, నిజంగానే విప్పుతున్నారా?"

మేస్త్రీ తీగ కత్తిరించాడు. దింపే బోల్టు తీశాడు. ఆయిలు ధారగా రావాలి కదా, రాలేదు. ముందు ఏమీ రాలేదు. తర్వాత కాస్త పొడిస్తే, మాడిపోయిన గంజిలాంటి నల్లటి ముద్ద థప్‌మని పళ్ళెంలో పడింది. కాలిన చెక్క వాసన గుప్పుమంది.

అల్లుడు ఆ ముద్దని వేళ్ళతో నలిపాడు. "పొట్టు" అన్నాడు. "ఎవడు మావయ్యా ఇంత దుర్మార్గం చేసింది?"

"నేనే" అన్నాడు మేస్త్రీ.

జీపు కింద ఆ రెండక్షరాలకి మించి చోటు లేనట్టయింది. అల్లుడు పక్కకి తిరిగి చూశాడు. మేస్త్రీ మాత్రం పైకే చూస్తూ మొత్తం చెప్పాడు. అడుగు షాఫ్టు సంగతి, స్నేహితుడి సంగతి, కాలి సంగతి, జల్లెడ సంగతి. "ఎవడో కొంటాడనుకున్నాను బాబూ. అలా అనుకోవడమే తప్పు. తీగ కట్టినట్టు నాకే తెలీదు. కట్టకపోయుంటే మీరు కొనేవారు కాదు" అని ముగించాడు.

బయట అడుగుల చప్పుడు. భార్యా కూతురూ వచ్చి నిలబడ్డారు. భార్య వంగి పళ్ళెంలోకి చూసింది. ఆవిడకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. "ఇందుకా నా జల్లెడ పట్టుకెళ్ళారు?" అంది నెమ్మదిగా. అరిచినా బాగుండేది.

కూతురు అరిచింది. బాగా అరిచింది. "నన్ను చంపేసేవాడివి కదా నాన్నా! నేను కాకపోతే ఇంకెవర్నో! ఆ తేనెసీసా బాబాయి అడిగితే మాత్రం బుద్ధుండక్కర్లేదా నీకు?" అని ఏడ్చింది, మళ్ళీ అరిచింది, చివరికి ఆయన ఆయిలు చేతుల్ని పట్టుకుని వాటి మీదే మొహం పెట్టుకుంది. సాయంత్రానికల్లా ఆ పిల్ల కోపం దిగిపోయింది. "మెకానిక్కుకి శిక్ష రిపేరే, పట్టు స్పానరు" అని జోకు కూడా వేసింది.

అల్లుడు ఒక్క మాట అనలేదు. జీపు కిందనుంచి బయటికొచ్చి, చేతులు తుడుచుకుని, డ్యూటీలో చేరడం ఆలస్యమవుతుందని ఆఫీసుకి ఫోను చేసుకున్నాడు. తర్వాత, "ఏమేం కావాలో చెప్పండి, స్పేర్ పార్టుల బజారుకి నేను వెళ్ళొస్తాను" అన్నాడు.

పెట్టె దింపారు. మామా అల్లుళ్ళిద్దరే దింపారు. లోపల అడుగు షాఫ్టు నీలంగా కమిలిపోయి ఉంది. ఒక బేరింగులో గుండ్లు పగిలి, రేపోమాపో బిగుసుకుపోవడానికి సిద్ధంగా ఉన్నాయి. మేస్త్రీ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. అల్లుడు కూడా చూశాడు. పెట్టెని కిరసనాయిలుతో మూడు నాలుగు సార్లు కడిగారు. ప్రతిసారీ ఏదో మూలనుంచి ఇంకాస్త పొట్టు వస్తూనే ఉంది. పళ్ళ సందుల్లో ఇరుక్కున్నదాన్ని మేస్త్రీ సూదితో గీకి తీశాడు. కొత్త షాఫ్టు, కొత్త బేరింగులు, ఆయిలు కారకుండా కొత్త సీళ్ళు. లివరు అడుగున అరిగిన బుష్షు కూడా మార్చాడు. అరిగి వదులైన ఇనప వాషరు ఒకటి కనిపిస్తే, పాత డబ్బా మూతలోంచి సరిపడే మందంలో ఇంకోటి కోసి, అక్కడ అమిరేదాకా ఆకురాయితో రాసి కూర్చాడు. జీవితంలో ఏ బండికీ అంత పని చెయ్యలేదు ఆయన. భోజనానికి పిలిచినా లేవలేదు.

పని చేస్తున్నంతసేపూ అల్లుడు అడిగింది అందించాడు, పట్టుకోమన్నది పట్టుకున్నాడు. ఒక్కటే తేడా. ఇదివరకు "ఇదెందుకు మావయ్యా?" అని అడిగేవాడు, చెప్పించుకునేవాడు. ఇప్పుడు ప్రతి బేరింగునీ తనే వేలితో తిప్పి చూసి, అప్పుడు ఇస్తున్నాడు. కోపంతో కాదు, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదే మేస్త్రీని కోసేసింది. కూతురిలా తిట్టెయ్యరాదూ ఈ మనిషి అనుకున్నాడు. తిడితే కడుక్కోవచ్చు.

పెట్టె ఎక్కించాక, శుభ్రమైన ఆయిలు పోసి ఇంజను ఆన్ చేశారు. న్యూట్రల్‌లో పెట్టారు. సన్నగా, సమంగా ఓ కూనిరాగం. క్లచ్చి తొక్కితే ఆగింది. వదిలితే మళ్ళీ అదే రాగం, గరగర లేదు, రాపిడి లేదు. వీధి చివరిదాకా పోయి వచ్చారు. రెండో గేరులో కాస్త గొణిగింది.

"ఈ చప్పుడు ఉండాల్సిందేనా మావయ్యగారూ?"

ఎప్పుడూ మావయ్యా అని పిలిచేవాడు. గారు ఎక్కడినుంచి వచ్చిందో!

"ఉండాల్సిందే బాబూ. పాత పళ్ళు, అరుగుదల. దానివల్ల ప్రమాదం లేదు."

అల్లుడు తలూపాడు. బండి ఆపి, చెక్కపిడి స్క్రూడ్రైవరు తీసుకుని, కిందకి వంగి గేర్‌బాక్సుకి ఆనించి తనే విన్నాడు. కళ్ళు మూసుకుని, మేస్త్రీ ఎలా వింటాడో అచ్చు అలాగే. చాలాసేపు విన్నాక లేచి, "బాగుంది" అన్నాడు.

సామాన్లు ఎక్కించారు. తల్లి కూతురికి జాగ్రత్తలు చెబుతోంది, కూతురు సగం వింటోంది. మేస్త్రీకి చివరి పని ఇంకా మిగిలే ఉంది. గోడ మేకుకి వేలాడే చుట్టలోంచి జానెడు తీగ కత్తిరించుకుని, ప్లయరు పట్టుకుని, నొప్పి కాలు ఈడ్చుకుంటూ బండి పక్కకి వచ్చాడు. ఈసారి మనసు పెట్టి కడదామనుకున్నాడు. ఒక్కో మెలీ చూసుకుంటూ కడదామనుకున్నాడు. మోకాలు వంచి కిందకి దూరబోయాడు.

అల్లుడు వచ్చి ఆయన భుజం పట్టుకుని మెల్లగా పైకి లేపాడు.

"తీగెందుకులెండి మావయ్యగారూ. నెలకోసారి నేనే విప్పి చూసుకుంటాను."

ఆ మాటలో వెటకారం లేదు. ఉంటే బాగుండునని మేస్త్రీకి అనిపించింది. అల్లుడు వంగి ఆయన కాళ్ళకి అంటిన దుమ్ము కూడా దులిపి, సీట్లోకి ఎక్కాడు. కూతురు హారన్ కొట్టింది. జీపు కూనిరాగం తీస్తూ వీధి మలుపు తిరిగింది. అది వినిపించినంతసేపూ మేస్త్రీ చెవి రిక్కించి విన్నాడు, చప్పుడులో తప్పేమీ లేదు.

"లోపలికి రండి, అన్నం చల్లారిపోతోంది" అంది భార్య.

వస్తున్నానన్నాడు. చేతిలో ఉన్న తీగకి వేళ్ళు అప్పటికే ఎడమవైపుకి మెలి తిప్పేశాయి. కట్టడానికి ఎదురుగా బండి లేదు.